సీమటపాకాయల స్వాతంత్ర్యం

జులై నాలుగు రాత్రి తొమ్మిది దాటగానే మా కుక్క బాత్‌టబ్‌లోకి దూకి, ఓ మూల నక్కి, మూతి గోడకు ఆనించేస్తుంది. ఏటా ఇదే తంతు. పుట్టింది అమెరికాలోనే, తినేది ఇక్కడి తిండే, అయినా ఈ దేశపు స్వాతంత్ర్యం అంటే దానికి వణుకు. ఎంత ఆలోచించినా నాకు ఒక్కటే కారణం తోస్తోంది. అది ఇంకా అమెరికా ఎవరి నుంచి విడిపోయిందో ఆ బ్రిటన్ రాజు మూడో జార్జిగారి పక్షమే.

స్వాతంత్ర్యం వచ్చిందన్న సంగతి చెవులు దిబ్బడేసేలా తెలియాలన్నది ఇక్కడి మూలసూత్రం. దానికి ఆద్యుడు జాన్ ఆడమ్స్, స్వాతంత్ర్యం కోసం పోరాడిన నాయకుల్లో ఒకడు, తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడు. 1776 జులై 3న భార్య అబిగెయిల్‌కు ఉత్తరం రాస్తూ, ఈ రోజును ఊరేగింపులతో, తుపాకులతో, గంటలతో, మంటలతో, దీపాలతో ఖండం ఈ చివర నుంచి ఆ చివరిదాకా కలకాలం జరుపుకోవాలన్నాడు. పాపం, ఆయన చెప్పింది జులై 2 గురించి. స్వాతంత్ర్యానికి ఓటు పడింది ఆ రోజే మరి. 4న జరిగింది ప్రకటన కాగితాన్ని ఆమోదించడం. జనం ఆయన చెప్పిన తేదీని పక్కనపెట్టి, మోతను మాత్రం ఉంచుకున్నారు. రెంటిలో ఏది ముఖ్యమో వాళ్లకు తెలియదా ఏం?

మరుసటేడే ఫిలడెల్ఫియాలో 13 తారాజువ్వలతో మొదలుపెట్టి, మళ్లీ 13 తారాజువ్వలతో ముగించారు. అప్పుడున్న పదమూడు రాష్ట్రాలకూ తలా ఒకటన్నమాట. బ్యాండు వాయించింది ఎవరనుకున్నారు? ట్రెంటన్ యుద్ధంలో పట్టుబడ్డ హెస్సియన్లు. అంటే వీళ్లను అణచడానికి రాజుగారు అద్దెకు తెచ్చుకున్న జర్మన్ సిపాయిలు. ఆ రాత్రి వీధుల్లో నడుస్తూ కిటికీ కిటికీకీ వెలుగుతున్న కొవ్వొత్తులు చూసి ఆడమ్స్ మురిసిపోయాడు. కొన్ని ఇళ్లు మాత్రం ముఖం మాడ్చుకుని చీకటిగా ఉన్నాయని కూతురికి రాసిన ఉత్తరంలో చురక కూడా వేశాడు. అది చదివిన దగ్గర్నుంచీ నాకు టెన్షన్. ఆ రాత్రి మా ఇంట్లో లైట్లన్నీ తీసేసి పడుకునే అలవాటు.

ఇంతకీ ఈ బాణసంచా సరదా ఎవరిది? సాక్షాత్తూ రాజులదే. పెళ్లయినా, యువరాజు పుట్టినా, యుద్ధం ముగిసినా ఆకాశంలో డబ్బు తగలేసి కింద జనం చేత నోరు వెళ్లబెట్టించడం యూరప్ రాజుల పాత విద్య. 1749లో లండన్ గ్రీన్ పార్కులో రెండో జార్జి ఇలాగే ఒక వేడుక పెట్టాడు. బాణసంచా కోసం కట్టిన మండపానికే నిప్పంటుకుంది. దాన్ని కట్టిన కళాకారుడు ఒళ్లు మండి బాణసంచా అధికారి మీదికి కత్తి దూశాడు. ఆ రెండో జార్జి మనవడే మన మూడో జార్జి. మనవడి పీడ వదిలినందుకు తాతగారి ఆటే ఆడుకుంటున్నామన్నమాట. కృతజ్ఞత ఉన్న జాతి!

సరుకు సంగతీ అంతే. ఇక్కడ ఇళ్లముందు కాల్చేవాటిలో నూటికి తొంభైకి పైగా చైనా నుంచే వస్తాయి. జెండాలో నీలం ఉంది కాబట్టి ఆకాశంలోనూ నీలం ఉండాలి. ఎరుపుకి స్ట్రాన్షియం అనే లోహం సులువుగా లొంగుతుంది గానీ, నీలానికి వాడే రాగి సమ్మేళనం వేడి కాస్త ఎక్కువైతే చెదిరిపోతుంది. చైనాలోని హునాన్‌లో కూర్చున్న పనివాడు ఆ కొలత సరిగ్గా చూడకపోతే ఇక్కడి దేశభక్తి ఒక రంగు తక్కువే. మన తెలుగువాళ్లు ఈ విషయంలో నిజాయితీపరులు, మొదట్నుంచీ సీమటపాకాయ అనే అన్నాం.

ఇక బోస్టన్‌లో చార్లెస్ నది ఒడ్డున 1974 నుంచి ఆ రాత్రి వాయిస్తున్నది రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ ‘1812’. నిజం ఫిరంగులు పేలుస్తూ మరీ. అది రష్యావాళ్లు ఫ్రెంచి సైన్యాన్ని తరిమికొట్టినందుకు కట్టిన బాణీ. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో యార్క్‌టౌన్ దగ్గర బ్రిటిష్ సైన్యం లొంగిపోయేలా నౌకాదళంతో వచ్చి ఆదుకున్నదీ ఆ ఫ్రెంచివాళ్లే. వాళ్లు ఓడిన పాటకు మేం లేచి నిలబడి చప్పట్లు కొడతాం.

మేం ఉండేది మసాచుసెట్స్. విప్లవం మొదలైన రాష్ట్రం కదా, అందుకే ఇక్కడ మామూలు జనం కాకరపువ్వొత్తి వెలిగించినా నేరమే. దొరికితే పది నుంచి వంద డాలర్ల జరిమానా, సరుకు కూడా లాక్కుంటారు. సరిహద్దు దాటితే న్యూ హాంప్‌షైర్. అక్కడ కారు నంబర్ ప్లేటు మీదే రాసుంటుంది, స్వేచ్ఛగా బతుకు లేదా చచ్చిపో అని. రెంటికీ కావలసిన సామగ్రి హైవే పక్క దుకాణాల్లో అమ్ముతారు.

మా పక్కింటాయన తెలుగాయనే. మొన్న మూడో తారీఖు సాయంత్రం ఆయన కారు డిక్కీ సగం తెరుచుకుని, తాడుతో కట్టి ఉంది. లోపల పెట్టెల మీద గద్ద బొమ్మ, నక్షత్రాలు, మూలన చైనా అక్షరాలు.

“ఏంటి తమ్ముడూ ఇదంతా?” అన్నాను.

“సిటిజన్‌షిప్ వచ్చాక మొదటి జులై నాలుగు కదన్నా! తగ్గితే ఏం బాగుంటుంది?”

చట్టానికి కట్టుబడతామని ప్రమాణం చేసి నిండా మూడు నెలలు కాలేదు. అయినా ఏమంటాం, బ్రిటిష్ పన్ను మీద కోపంతో బోస్టన్‌లో టీ పెట్టెలు సముద్రంలో పారేసినవాళ్లు మాత్రం పర్మిట్ తీసుకున్నారా?

నాలుగో తారీఖు రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైంది. సరిగ్గా ఆ వేళకి నాకు శాన్ డియేగో గుర్తొచ్చింది. 2012లో అక్కడ పావుగంటకు పైగా సాగాల్సిన బాణసంచా మొత్తం కంప్యూటర్ పొరపాటు వల్ల ఒక్కసారిగా పేలి, పదిహేను సెకన్లలో అయిపోయింది. జనం తిట్టుకున్నారట. నన్నడిగితే దేశభక్తికి సంబంధించి ఇంతకన్నా గొప్ప సంస్కరణ మరొకటి లేదు. కానీ మా తమ్ముడి దగ్గర కంప్యూటర్ లేదు. లైటర్ ఉంది, ఓపిక ఉంది.

పదకొండింటికి మా ఆవిడ లేచి కూర్చుంది. “ఏవండీ, కనీసం వాకిట్లో లైటు వెయ్యండి. ఇల్లు చీకటిగా ఉంటే ఊళ్లో లేమనుకుని ఇటువైపు తిప్పుతున్నాడు.”

ఆడమ్స్ గారి ఆజ్ఞ అలా పాటించాను.

పొద్దున్నే పచ్చిక మీద ఓ మాడిన అట్టగొట్టం దొరికితే, పక్కింటికి తీసుకెళ్లాను. తమ్ముడు కళ్లు ఎర్రగా ఉన్నా ఉత్సాహం తగ్గలేదు.

“ఎలా ఉందన్నా?”

“బ్రహ్మాండం.”

“ఇంకో అరపెట్టె మిగిలిపోయింది. ఇవాళ రాత్రికి కానిచ్చేద్దాం!”

ఇంటికొచ్చి బాత్‌టబ్‌లో ఇంకో దుప్పటి వేశాను. కుక్కను కాస్త పక్కకి జరగమన్నాను.