మహారాజశ్రీ 'సి' గారికి, ఒక పాత శిష్యుడి లేఖ

మహారాజశ్రీ రన్‌ఆఫ్ కోఎఫీషియెంట్ గారి సముఖానికి,

ఒక సాంకేతిక విశ్వవిద్యాలయంలో, సివిల్ విభాగంలో, తమరి పేరు చెప్పుకుని జీతం తీసుకుంటున్న ఒకడు రాసుకున్న మనవి. ఇక్కడ అందరం క్షేమం, కింది అంతస్తు తప్ప. అక్కడ మోకాలి లోతు నీళ్ళున్నాయి. తమరు మాత్రం పట్టికలో ఎప్పటిలాగే ఉంటారని తలుస్తాను: కాంక్రీటుకి 0.9, గడ్డినేలకి 0.2.

తమరెవరో తెలియనివాళ్ళు ఈ ఉత్తరం చదివితే కంగారు పడతారు కాబట్టి రెండు ముక్కలు చెప్పేస్తాను. పడ్డ వానలో ఎంత వంతు నేలలోకి ఇంకకుండా, ఎక్కడా ఆగకుండా, పరుగున పోయి కాలువలో పడుతుందో చెప్పే అంకె తమరు. సూత్రంలో తమరి పొట్టి పేరు 'సి'. సున్నాకీ ఒకటికీ మధ్య తమరి కాపురం. వాన తీవ్రతని విస్తీర్ణంతో గుణించి, దాన్ని మళ్ళీ తమరితో గుణిస్తే ఎంత నీరు వస్తుందో తేలుతుంది. అమెరికాలోని రోచెస్టర్ నగరంలో కూచ్‌లింగ్ అనే ఇంజినీరు 1889లో ఈ పద్ధతిని పరిచయం చేశాడు. అప్పటినుంచి సివిల్ చదివినవాళ్ళెవరూ తమరికి దణ్ణం పెట్టకుండా డిగ్రీ పుచ్చుకోలేదు.

ఒక హెక్టారు పార్కింగ్ జాగా ఉందనుకుందాం. గంటకి 50 మి.మీ. లెక్కన వాన దంచుతోంది. తమరు 0.9 దగ్గర కూర్చుంటే సెకనుకి 125 లీటర్లు బయటికొస్తాయి. అంటే ఎవరో సెకనుకి ఎనిమిది పెద్ద బకెట్లు గేటు బయట గుమ్మరిస్తున్నట్టు. తమరు 0.2 దగ్గరికి జరిగితే 28 లీటర్లు, రెండు బకెట్లు కూడా నిండవు. అదే వాన, అదే జాగా. తమరు ఎక్కడ కూర్చున్నారన్నదే తేడా.

మరి జరగరేం అని అడుగుదామని కలం పట్టుకున్నాను. రాయబోతే సిగ్గేసింది. తమరిని అక్కడ మేకులు కొట్టి కూర్చోబెట్టింది మేమే కదా.

పదిహేనేళ్ళుగా నేనిచ్చే ప్రశ్నపత్రంలో ఒక వాక్యం మారలేదు: "సి విలువ 0.9గా తీసుకోండి." పిల్లలు బుద్ధిగా తీసుకుంటారు. పైపు సైజు కడతారు, పెద్ద పైపు వస్తుంది, కింద రెండు గీతలు కొడతారు. ఒకమ్మాయి మాత్రం ఓసారి పైపు కట్టకుండా, "పార్కింగ్‌లో పావు వంతు తవ్వి మొక్కలు పెడితే ఇంత పైపు అక్కర్లేదు" అని రాసి ఇచ్చేసింది. కీలో ఆ జవాబు లేదు. నాలుగు మార్కులు కోశాను. ఎర్ర పెన్నుతో పక్కన "ప్రశ్న సరిగా చదవండి" అని కూడా రాశాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. పైపుల కంపెనీలో చేరిందని మాత్రం వినకూడదని కోరుకుంటున్నాను.

ఇక తమరికి శుభవార్త. మా వెనకాల కొత్త భవనం లేచింది. 'వాతావరణ మార్పును తట్టుకునే నగరాల కోసం ప్రకృతి ఆధారిత పరిష్కారాల పరిశోధనా కేంద్రం' అని బోర్డు. పూర్తిగా చదివేలోపు లిఫ్టు వెళ్ళిపోతుంది. ఆ జాగాలో ఇదివరకు ఏముండేదో తమరికి గుర్తుండే ఉంటుంది. ఒక పల్లం, కాస్త తుంగ, నాలుగైదు చెట్లు, వానాకాలం వస్తే కప్పల గోల. తమరు అక్కడ 0.1 దగ్గర కునుకు తీస్తుండేవారు. ప్రకృతి ఆధారిత పరిష్కారాలకి జాగా కావాల్సి వచ్చి ప్రకృతిని ఖాళీ చేయించాం. పల్లానికి వెళ్ళడం అలవాటైన నీళ్ళు మాత్రం ఇప్పటికీ అటే వెళ్తున్నాయి. కింది అంతస్తు సంగతి మొదట్లోనే మనవి చేశాను.

ఈ పరిష్కారాలంటే ఏమిటో 2022 మార్చిలో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో దేశాలన్నీ కలిసి ఒక నిర్వచనం ఒప్పుకున్నాయి. ప్రకృతి వ్యవస్థల్ని రక్షించడం, కాపాడుకోవడం, పునరుద్ధరించడం, తరిగిపోకుండా వాడుకోవడం, నిర్వహించడం అని ఒక వరుస ఉంది అందులో. మొదటి మాట రక్షించడం. మేం దాన్ని దాటేసి నేరుగా పునరుద్ధరించడం దగ్గర మొదలుపెట్టాం. కారణం చిన్నదే. ఉన్న పల్లాన్ని ఉన్నట్టు వదిలేస్తామని రాస్తే ప్రాజెక్టు ఎవరిస్తారు? ముందు పూడ్చాలి, తర్వాత పునరుద్ధరించాలి, రెండింటికీ విడివిడిగా టెండరు.

పునరుద్ధరణ కింద భవనం ముందు, వాననీటిని పట్టి నేలలోకి ఇంకించే ఒక వాన తోట వేశాం. అడుగున కంకర, పైన ఇసుక కలిపిన మట్టి, నాలుగు రోజులు నీళ్ళలో ఉన్నా నలభై రోజులు ఎండినా బతికే మొక్కలు, పొంగితే పోవడానికి ఒక పైపు. డ్రాయింగ్ చూస్తే ముద్దొస్తుంది. రోడ్డు మీది నీళ్ళు తోటలోకి దిగడానికి అంచు రాళ్ళ మధ్య జానెడు గండి కూడా పెట్టాం. ఆ గండి అడుగు రోడ్డు మట్టానికి రెండంగుళాలు ఎత్తులో వచ్చింది. డ్రాయింగ్ గీసినవాళ్ళు, బిల్లు మీద సంతకం పెట్టినవాళ్ళు, రిబ్బన్ కత్తిరించినవాళ్ళు, ఫొటోలో వెనక వరసలో నవ్వుతూ నిలబడ్డ నేను, ఎవరం చూడలేదు. మొదటి వాన కురిసింది. నీళ్ళు గండి దాకా వచ్చి, ఒక చూపు చూసి, పక్కనుంచి వెళ్ళిపోయాయి. తర్వాతి వారం వాన తోట ఎండిపోతోందని ట్యాంకర్ తెప్పించి తడిపాం.

సంగతి మొదట కనిపెట్టింది మాలి. "నీళ్ళు మెట్లెక్కవు కద సార్" అన్నాడు. అప్పుడక్కడ ఇద్దరు డాక్టరేట్లం నిలబడి ఉన్నాం.

సరే, రెండంగుళాలు కొట్టేస్తే పోతుంది కదా అంటారు తమరు. విశ్వవిద్యాలయం గురించి తమరికి అంత తెలియదు. అంచు రాయి రోడ్ల సెక్షన్‌ది. మొక్కలు ఉద్యాన సెక్షన్‌వి. నేల మీద పడ్డ నీళ్ళు మావి, భూమిలోకి దిగాక జియాలజీ వాళ్ళవి. చెట్టు నీడ కింద ఎంత చల్లబడిందన్నది మెకానికల్ వాళ్ళు కొలుస్తారు, ఏసీల గదిలో కూర్చుని. ఆర్కిటెక్చర్ వాళ్ళని పిలిస్తే రంగు పెన్సిళ్ళతో వస్తారని మావాళ్ళకి చులకన. మమ్మల్ని పిలిస్తే పైపు పట్టుకుని వస్తామని వాళ్ళకి భయం, అది నిజమే. గండి ఎత్తు ఎవరి పరిధిలోకి వస్తుందో తేల్చడానికి వేసిన కమిటీ మూడుసార్లు సమావేశమైంది. ఒకసారి వాన వల్ల వాయిదా పడింది.

ఈ పని ఎక్కడా ఎవరూ చేయలేదనుకుంటే మనసు కుదుటపడేది. చేశారు, అదే బాధ. అమెరికాలో విలనోవా విశ్వవిద్యాలయం వాళ్ళు 2001లో తమ పార్కింగ్ దగ్గరున్న ట్రాఫిక్ దిమ్మెని తవ్వి వాన తోటగా మార్చారు. రిబ్బన్ కట్ చేసి ఇంటికెళ్ళిపోకుండా ఏళ్ళ తరబడి కొలుస్తూ కూర్చున్నారు. ఇలాంటి తోటలు కొన్నేళ్ళకి మట్టి పూడుకుని పనికిరాకుండా పోతాయని అందరూ అనేవాళ్ళు. కొన్నేళ్ళ కొలతలు చూస్తే అక్కడ ఇంకే వేగం తగ్గిన జాడ లేదు. చలికాలంలో నెమ్మదించి వేసవిలో పుంజుకోవడం మాత్రం కనబడింది, ఎందుకంటే చల్లటి నీళ్ళు చిక్కగా ఉంటాయి. ఇది కంప్యూటర్ ముందు కూర్చుంటే దొరికే సంగతి కాదు. ఒక దిమ్మె, ఒక కొలిచే పరికరం, విసుగు లేని మనుషులు కావాలి.

బ్యాంకాక్‌లో చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయానికి 2017లో నూరేళ్ళు నిండాయి. మేమైతే ఆడిటోరియం కట్టేవాళ్ళం. వాళ్ళు నగరం నడిబొడ్డున 11 ఎకరాల్లో పార్కు వేశారు. రూపకల్పన చేసిన కోట్చకోర్న్ వోరాఖోమ్ అదే విశ్వవిద్యాలయంలో చదువుకున్నావిడ. పార్కు మొత్తం ఒక వైపుకి కొద్దిగా వాలి ఉంటుంది. ఎత్తు చివర మొక్కలు పెంచిన భవనం పైకప్పు, పక్కల చిత్తడి నేలలు, పల్లం చివర చెరువు. పది లక్షల గ్యాలన్ల దాకా, అంటే దాదాపు 38 లక్షల లీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది. అందులో గొప్ప సాంకేతికత ఏమిటయ్యా అంటే, నీరు పల్లమెరుగును. ఆ మాట మాకు ఒకటో తరగతి నుంచీ తెలుసు. సిలబస్‌లోకే రాలేదు.

ఇక్కడ ఒక మాట మాత్రం తమరి తరఫున మాట్లాడాలి. ఈమధ్య మా కేంద్రంలో ఉత్సాహవంతులు కొందరు మొక్క నాటితే చాలు, వరద రాదు, వేడి పోతుంది, గ్రాంటు వస్తుంది అన్న ధోరణిలో మాట్లాడుతున్నారు. మూడోదొక్కటే నిజం. 2021 జులై 20న చైనాలోని ఝెంగ్‌ఝౌలో ఒక్క గంటలో 201.9 మి.మీ. వాన పడింది. అది స్పాంజ్ సిటీ పనులు, అంటే నగరం వాననీటిని స్పాంజిలా పీల్చుకునేలా చేసే పనులు చేపట్టిన నగరమే. అంత వానకి ఏ స్పాంజూ ఆగదు. నేల కడుపు నిండాక గడ్డి కూడా కాంక్రీటే, తమరు 0.2 నుంచి లేచి పైకి ఎక్కేస్తారు, పట్టిక ఆ సంగతి చెప్పదు. పైగా గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. కోపెన్‌హాగెన్‌లో 2011 జులై 2న రెండు మూడు గంటల్లో సుమారు 150 మి.మీ. కురిశాక వాళ్ళు పార్కులూ కావాలన్నారు, పెద్ద సొరంగాలూ కావాలన్నారు. వాన తోట ఎంతవరకు ఆపుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది, ఆ గీత ఎక్కడుందో కొలిచి, నచ్చినా నచ్చకపోయినా నగరానికి చెప్పాల్సింది మేమే. దానికే మాకు ల్యాబులూ జీతాలూ ఇచ్చారు. కానీ మా ప్రాజెక్టు ఆయుష్షు మూడేళ్ళు. చెట్టు నీడ పట్టేసరికి రీసెర్చి స్కాలర్ పెళ్ళయి, ఉద్యోగం మారి, పిల్లల్ని బడిలో వేసి ఉంటాడు.

తమరికి చెప్పాల్సిన అసలు సంగతి ఇంకా చెప్పలేదు. పోయిన నెల ఒక తెల్లవారుజామున మా మాలి గునపం తెచ్చి ఆ రెండంగుళాలూ కొట్టేశాడు. సీసీ కెమెరాలో పడింది. మా వాన తోట గురించి ఆ కెమెరాలో నమోదైన మొట్టమొదటి డేటా అదే. విశ్వవిద్యాలయ ఆస్తికి నష్టం కలిగించాడని మెమో వచ్చింది. వివరణ నేను రాసిచ్చాను, "అంచు రాయి మట్టం సవరణపై క్షేత్ర ప్రయోగం" అని. ప్రయోగం అనేసరికి వాళ్ళు మెత్తబడ్డారు. ముందస్తు అనుమతి నంబరు రాయలేదేమని మాత్రం అడిగారు.

మొన్నటి వానకి గొడుగేసుకుని వెళ్ళి అక్కడ నిలబడ్డాను. ముందు ఎండుటాకులు, రెండు చాక్లెట్ కాగితాలు, తర్వాత నురగ, ఆ తర్వాత బురద నీళ్ళు వచ్చాయి. గండి దగ్గర ఒక్క క్షణం తిరిగి లోపలికి దిగాయి. మొక్కల మొదళ్ళ దాకా మునిగింది. అరగంట అయ్యాక చూస్తే కాగితాలే మిగిలాయి. మాలి వంగి వాటిని ఏరి జేబులో పెట్టుకున్నాడు.

సెమిస్టర్ పరీక్ష దగ్గరికొచ్చింది. రేపు ఉదయానికి ప్రశ్నపత్రం ఇవ్వాలి. మూడో ప్రశ్నలో "సి విలువ" అని రాసి, పక్కన ఖాళీ వదిలి ఇందాకట్నుంచి కూర్చున్నాను.

ఇట్లు,
తమరి శిష్యుడు

తా.క.: ఆ వానకి తమరు కాస్త కిందికి జరిగారనే నాకు అనిపించింది. ఎంత జరిగారో చెప్పలేను. తోటలో నీటిమట్టం నమోదు చేయడానికి పెట్టిన లెవెల్ లాగర్ బ్యాటరీ అయిపోయి రెండేళ్ళయింది. ఇండెంట్ పెట్టాం. మూడు కొటేషన్లు కావాలన్నారు.