నిషేధం కాగితం మీద, సముద్ర గుర్రం వలలో

ఏదో ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు తెరిస్తే ఎండిన సముద్ర గుర్రాలు కిలోల కొద్దీ బయటపడ్డాయని అప్పుడప్పుడూ వార్త వస్తుంది. ఫొటోలో బల్ల మీద అవి కుప్పగా పోసి ఉంటాయి, వెనక అధికారులు నిలబడి ఉంటారు. కింద కామెంట్లన్నీ ఒకటే మాట: ఆ స్మగ్లర్లను వదలకూడదు. నాకూ కోపం వస్తుంది. కానీ ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు తట్టే ప్రశ్న వేరే. అసలివన్నీ ఏ వలకు పడ్డాయి? అది ఎవరూ అడగరు.

సముద్ర గుర్రం చేపే, చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ. నిలువుగా ఈదుతుంది, అదీ మహా నెమ్మదిగా. వీపు మీది చిన్న రెక్కను సెకనుకు 35 సార్ల దాకా ఆడిస్తే గానీ ముందుకు కదల్లేదు. పారిపోవడం దానికి చేతకాదు. ప్రమాదం వస్తే తోకను సముద్ర గడ్డి కాడకు చుట్టేసుకుని, చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయి, కదలకుండా ఉండిపోతుంది. వేటాడే చేప కళ్లుగప్పడానికి ఆ ఉపాయం చాలు. సముద్రం అడుగును ఊడ్చుకుంటూ వచ్చే ట్రాల్ వల ముందు మాత్రం అదే దాని ప్రాణం మీదికి తెస్తుంది. గడ్డి కదిలొస్తే గడ్డితో పాటు అదీ వస్తుంది.

వల పైకి లాగి డెక్ మీద గుమ్మరించాక రొయ్యలను, ధర పలికే చేపలను ఏరేస్తారు. మిగిలిన బురదలో, చిల్లర చేపల మధ్య వేలెడంత ప్రాణి. తోక ఇంకా తెగిన గడ్డి పోచను వదిలి ఉండదు. మగదైతే పొట్ట ఉబ్బి ఉండొచ్చు. సముద్ర గుర్రాల్లో కడుపు మోసేది మగదే. ఆడది గుడ్లను దాని పొట్ట సంచిలో పెడుతుంది, అవి పిల్లలై బయటికొచ్చే దాకా మోసి కనేది తండ్రి. చాలా జాతుల్లో సీజన్ అంతా ఒకే తోడు. రోజూ పొద్దున్నే రెండూ కలుసుకుని, రంగులు మార్చుకుంటూ, పక్కపక్కనే కాసేపు ఆడుకుంటాయి. ఆ మగది వలలో పడితే సంచిలోని పిల్లలన్నీ దానితోనే పోతాయి. అడుగున మిగిలిన ఆడది మళ్లీ జోడు వెతుక్కోవాలి. అసలే అక్కడొకటి అక్కడొకటిగా పల్చగా బతికే జీవులు, అంత తేలిగ్గా దొరుకుతుందా?

ఏ జాలరినైనా అడగండి, "మాకు పడేవి రోజుకు ఒకటో రెండో" అంటాడు. అబద్ధం కాదు. ఆ ఒకటీ రెండూ ఎన్ని పడవల్లో, ఎన్ని రోజులు పడుతున్నాయో చూడాలి. 2017లో వచ్చిన ఒక పరిశోధన 21 దేశాల సమాచారం పోగేసి, ఏడాదికి దాదాపు 3.7 కోట్ల సముద్ర గుర్రాలు పట్టుబడుతున్నాయని అంచనా కట్టింది. వీటిలో ఎక్కువ భాగం వాటి కోసం వెళ్లిన పడవల్లోవి కావు, వేరే వేటలో దారిన పడినవి.

చట్టం లేదా అంటే ఉంది. అమాండా విన్సెంట్ అనే శాస్త్రవేత్త 1996లో ఈ వ్యాపారం మీద నివేదిక ఇచ్చేదాకా దీని పరిమాణం ప్రపంచానికి పెద్దగా తెలియదు. 2002లో సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) దేశాలు సముద్ర గుర్రాలన్నిటినీ రెండో జాబితాలో చేర్చాయి, 2004 మేలో అమల్లోకి వచ్చింది. సముద్రంలో బతికే సంతతికి దెబ్బ తగలదని రుజువు చూపితేనే ఎగుమతి చేయాలి. 10 సెంటీమీటర్ల కంటే చిన్నవాటిని పంపొద్దని సలహా కూడా ఇచ్చారు. ఈ నిర్ణయాన్ని నేను తక్కువ చేయను. అప్పటిదాకా లెక్కే లేని చోట లెక్క మొదలైంది. కానీ చేత్తో ఏరే డైవర్ 9 సెంటీమీటర్ల పిల్లను వదిలేయగలడు. ట్రాల్ వల దేన్ని వదులుతుంది?

ఇక రుజువు చూపడం కష్టమనిపించిన దేశాలు తేలికైన దారి పట్టాయి. ఎగుమతి ఆపేశాం అని ప్రకటించేస్తే పనైపోయింది. అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసిన థాయిలాండ్ 2016 జనవరిలో ఆపింది. భారత్ అయితే ఆ రుజువు నియమం రాకముందే, 2001లోనే, వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లో వీటినీ పెట్టి, పట్టడాన్నే నిషేధించింది. వలలు మాత్రం అలాగే పడుతున్నాయి. ఫలితం ఏమిటో హాంకాంగ్ చెప్పింది. అక్కడి వ్యాపారులతో మాట్లాడి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడికొచ్చే ఎండు సముద్ర గుర్రాల్లో సుమారు 95 శాతం ఎగుమతి నిషేధం ఉన్న దేశాలవే. అంటే సరుకు ఆగలేదు, కాగితం ఒక్కటే ఆగింది. లెక్క మళ్లీ చీకట్లోకి పోయింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఫిలిప్పీన్స్ కథ. బొహోల్ దీవి దగ్గర హందుమోన్ అనే ఊళ్లో జాలర్లు రాత్రిళ్లు లాంతరు వెలుగులో వీటిని చేత్తో పట్టి బతికేవారు. అవి తగ్గిపోతున్నాయని వాళ్లే గమనించి, 1995లో ఊరి ముందున్న సముద్రంలో కొంత మేర వేట మానేసి, కాపలా కాశారు. ఆ దేశపు 1998 నాటి మత్స్య చట్టం ప్రకారం సైటిస్ జాబితాలోకి ఎక్కిన జీవిని అప్పట్లో అసలు పట్టకూడదు. దాంతో 2004లో జాబితా అమల్లోకి రాగానే, కాపాడిన ఆ చేతులే నేరం చేసే చేతులైపోయాయి. ఏరి పట్టేవాడికి నిషేధం, ఊడ్చి పట్టేవాడికి "పొరపాటున పడింది" అనే సాకు. ఇదేం న్యాయం?

చైనా వైద్యాన్ని తిడితే సరిపోతుందనేవాళ్లున్నారు. ఎండినవాటిలో ఎక్కువ భాగం వెళ్లేది ఆ మందులకే, కాదనను. కానీ రేపు ఆ మందు కొనేవాళ్లు ఒక్కరూ లేకపోయినా రొయ్యల వల ఆగదు. పెంచుకుంటే పోదా అంటారు ఇంకొందరు. అక్వేరియంలకు అమ్మే ప్రాణమున్న వాటిలో పెంపకం బాగా పెరిగింది, మంచిదే. ఎండు సరుకు మాత్రం ఇప్పటికీ సముద్రంలోంచే వస్తోంది.

నేను కోరేది ఒక్కటే. సముద్ర గడ్డి, మడ అడవులు, పగడపు దిబ్బలు ఉన్న తీరపు లోతు తక్కువ నీళ్లలోకి ట్రాలర్ రాకూడదు. చాలా దేశాల్లో ఈ రూల్ ఇప్పటికే పుస్తకాల్లో ఉంది. దాన్ని అమలు చేయండి. ఆ పడవలకిచ్చే డీజిల్ సబ్సిడీ ఆపండి. హందుమోన్ లాంటి ఊళ్లను నేరస్తుల్లా కాకుండా కాపలాదారుల్లా చూడండి. ఈసారి సూట్‌కేసు ఫొటో మీ ఫీడ్‌లో కనబడితే, స్మగ్లర్‌ను తిట్టాక ఇంకో కామెంట్ కూడా పెట్టండి: ఇవి ఏ తీరంలో, ఏ వలకు పడ్డాయి?