సీబీఐ 5 బాగాలేదనండి, మమ్ముట్టి నటించలేదని మాత్రం అనొద్దు

“డెబ్బై ఏళ్ల మనిషి చేతులు వెనక్కి పెట్టుకుని అటూ ఇటూ నడిచాడు. దాన్నే నటన అంటున్నారు.”

‘సీబీఐ 5: ది బ్రెయిన్’ మీద ఈ మాట మన తిరుపతి, చిత్తూరు సినిమా వాట్సాప్ గ్రూపుల్లో ఎన్నాళ్లనుంచో తిరుగుతోంది. ఓటీటీలో ఎవరైనా కొత్తగా ఆ సినిమా చూసి నాలుగు మాటలు రాయగానే మళ్లీ పైకి వస్తుంది. దాని వెంట ఇంకొన్ని ఆరోపణలు కూడా వస్తాయి. ఆ వయసులో సీబీఐ ఆఫీసర్ ఏంటని, సీబీఐ వాళ్లు అలా ఉండరని, పేస్‌మేకర్ కథ అంతా బూటకమని, జగతి శ్రీకుమార్‌ని సానుభూతి కోసం తెచ్చారని, మమ్ముట్టి ఇక ఇంట్లో కూర్చోవాలని. చాలామంది నమ్మేస్తున్నారు కాబట్టి ఒక్కొక్కటిగా జవాబు చెప్పాలనిపించింది.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. సేతురామ అయ్యర్ అనే సీబీఐ అధికారి పాత్రతో మలయాళంలో ఐదు సినిమాలు వచ్చాయి. మొదటిది 1988లో ‘ఒరు సీబీఐ డైరీ కురిప్పు’, మరుసటి ఏడాది ‘జాగ్రత’, ఆ తర్వాత చాలా విరామమిచ్చి 2004, 2005లో రెండు, చివరికి 2022లో ఇది. ఐదింటికీ దర్శకుడు కె. మధు, రచయిత ఎస్.ఎన్. స్వామి, అయ్యర్‌గా మమ్ముట్టి. చెన్నై దగ్గరగా ఉండే మన జిల్లాల్లో ఇలాంటి సినిమాలను డబ్బింగ్ కోసం ఎదురుచూడకుండా చూసే అలవాటు ముందునుంచీ ఉంది. అందుకే ఈ గొడవ ఇక్కడ ఇంతగా జరుగుతోంది.

మొదటి ఆరోపణ వయసు మీద. “కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అరవైకి రిటైరవుతాడు, ఈయన డెబ్బైలో డ్యూటీ చేస్తున్నాడు” అంటున్నారు. అంకెల వరకు నిజమే. మమ్ముట్టి పుట్టింది 1951 సెప్టెంబర్ 7న. మొదటి భాగం నాటికి 36 ఏళ్లు, ఐదో భాగం 2022 మే 1న విడుదలయ్యేనాటికి 70. కానీ సినిమా మొదట్లోనే ఏం జరుగుతుందో చూడండి. రెంజి పణిక్కర్ వేసిన బాలు పాత్ర, శిక్షణలో ఉన్న ఐపీఎస్‌లకు ఒక పాత కేసు చెప్పడం మొదలుపెడుతుంది. మనం చూసే దర్యాప్తంతా గతంలో జరిగింది. కాబట్టి కథలో అయ్యర్ డెబ్బై ఏళ్లవాడు కాదు. జుట్టు నల్లగా ఉండటానికి కారణం కూడా అదే.

ఇక్కడ నాకూ ఒక అసంతృప్తి ఉంది. పాత కేసు చెప్పే ఆ ఏర్పాటు చేతిలో పెట్టుకుని, ఇప్పటి అయ్యర్‌ని, అంటే రిటైరై తల నెరిసిన అయ్యర్‌ని మనకు సరిగ్గా చూపించే అవకాశం వదులుకున్నారు. పదిహేడేళ్ల తర్వాత తిరిగి వచ్చిన పాత్రలో ప్రేక్షకుడు వెతికేది ఆ పదిహేడేళ్లనే. అది రచయిత, దర్శకుడు తీసుకున్న నిర్ణయం. నటుడి వయసుకి దానితో సంబంధం లేదు. అయ్యర్ గోడలు దూకే పాత్రగా ఎప్పుడూ లేడు, వయసు అడ్డురావడానికి.

ఇక అసలు మాట. “నటన లేదు, ముఖంలో ఎక్స్‌ప్రెషన్ లేదు, నడక ఒక్కటే.”

ఇది అన్నవాళ్లు దయచేసి మొదటి సినిమాలో డమ్మీ పరీక్ష సన్నివేశం చూడండి. ఇంట్లో కోడలు చనిపోయింది, మేడ మీద నుంచి దూకి ఆత్మహత్య చేసుకుందని పోలీసులు ఫైలు మూసేశారు. అయ్యర్ ఒక బొమ్మను తెప్పించి అదే మేడ మీద నుంచి వేయిస్తాడు. దూకితే శరీరం ఎక్కడ పడుతుంది, ఎవరైనా విసిరేస్తే ఎక్కడ పడుతుంది, ఆ దూరమే అక్కడ సాక్ష్యం. ఇంకో సినిమాలో అయితే హీరో అక్కడ పేజీన్నర డైలాగు చెప్పి, కెమెరా వైపు తిరిగి, నేరస్థుడికి సవాలు విసిరేవాడు. మమ్ముట్టి ఆ పనేమీ చేయరు. చూస్తారు. ఆయన ఏం చూస్తున్నారో అర్థం చేసుకోవడానికి మనం కూడా ఆ నేలవైపే చూస్తాం. ఒక దర్యాప్తును ప్రేక్షకుడి చేత చేయించడమంటే అదే. 36 ఏళ్ల వయసులో, మాస్ హీరోగా మంచి ఊపులో ఉన్న నటుడు తనను తాను అంత తగ్గించుకోవడం చిన్న విషయం కాదు.

ఆ చేతులు వెనక్కి కట్టుకునే నడక కూడా మమ్ముట్టి తెచ్చిందేనని రచయిత స్వామి చెప్పిన విషయం. అసలు స్వామి మొదట అనుకున్న అధికారి పేరు అలీ ఇమ్రాన్. బ్రాహ్మణ అధికారి అయితే బాగుంటుందన్న సలహా మమ్ముట్టిదే. నుదుట బొట్టు, మెత్తటి మాట, తొందర లేని నడక, అన్నీ ఆ ఆలోచన నుంచి పుట్టినవే. అంటే జనం ‘నటన కాదు’ అంటున్న ఆ నడక, ఒక నటుడు కూర్చుని ఆలోచించి కట్టిన పాత్రలో భాగం. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఐదో సినిమాలోనూ అది చెక్కుచెదరలేదు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ అడ్డు తగలడు. వింటాడు. ప్రశ్న అడిగేటప్పుడు గొంతు పెరగదు. అబద్ధం దొరికినప్పుడు కూడా పెదవి చివర కదిలీ కదలనట్టు ఒక నవ్వు, అంతే.

ఈ నిగ్రహం చేతకానితనం వల్ల వచ్చిందేమో అనుకునేవాళ్లకు మన తెలుగు సినిమాల్లోనే జవాబుంది. ‘స్వాతికిరణం’ 1992లో వచ్చింది. అందులో అనంతరామశర్మ ఎవరు? ఇదే మమ్ముట్టి. తన దగ్గర చేరిన కుర్రాడి విద్య చూసి లోలోపల కాలిపోయే గురువు. ఆ కళ్లలో అసూయ, ఆ అసూయ మీద ఆయనకే ఉన్న సిగ్గు, రెండూ ఒకేసారి కనపడతాయి. పైగా సొంత గొంతుతో తెలుగు చెప్పారు. 2019లో ‘యాత్ర’లో వైఎస్ పాత్ర వేశారు. రాయలసీమలో ఆ నవ్వు, ఆ చేయి ఊపడం తెలియని ఇల్లు లేదు. మిమిక్రీ చేసి చప్పట్లు కొట్టించుకోవడం చాలా తేలిక. మమ్ముట్టి ఆ దారికి పోకుండా, తన పద్ధతిలోనే నిలబడి, చూస్తున్నవాళ్లను ఒప్పించారు. ఇవన్నీ చేయగలిగిన మనిషి అయ్యర్ దగ్గరికొచ్చేసరికి ముఖాన్ని అదుపులో పెట్టుకున్నాడంటే, అది ఎంచుకుని చేసిన పని.

మనకు డైలాగు అంటే ఇష్టం, కాదనను. మోదుగులపాళెంలో పుట్టిన మోహన్‌బాబు గారి డైలాగులు విని పెరిగినవాళ్లం, గొంతులో దమ్ముంటే లేచి నిలబడి ఈల వేస్తాం. నేనూ వేశాను. కానీ చిత్తూరు నాగయ్య కూడా మనవాడే కదా. చిత్తూరులో నాటకాలు వేసి, ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయిన మనిషి. ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’, ఏది చూసినా ఆయన గొంతు పైకి లేవదు, చేయి విసురు ఉండదు. ప్రశాంతంగా ఒక మాట అంటే థియేటరంతా నిశ్శబ్దమైపోయేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ నాగయ్యను మహానటుడని గర్వంగా చెప్పుకునే జిల్లాలో కూర్చుని, మెల్లగా మాట్లాడితే నటన కాదని ఫార్వర్డ్ చేస్తుంటే బాధగా ఉంది.

మూడోది: “నిజమైన సీబీఐ ఆఫీసర్లు అలా మెత్తగా ఉంటారా?” ఉంటారు. అయ్యర్ పాత్రకు ప్రేరణగా చాలామంది చెప్పే పేరు రాధా వినోద్ రాజు. ఐపీఎస్ అధికారి, సీబీఐలో చాలా ఏళ్లు పనిచేశారు, రాజీవ్ గాంధీ హత్య కేసు దర్యాప్తు బృందంలో ఉన్నారు, ఆ తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకి మొట్టమొదటి డైరెక్టర్ జనరల్ అయ్యారు. హడావుడితో ఆ స్థాయికి చేరే ఉద్యోగం కాదది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మా వీధిలో ఒక రిటైర్డ్ ఎస్సై ఉన్నారు. తిరుమల కొండ మీద కూడా డ్యూటీ చేసి వచ్చిన మనిషి. యాత్రికుల బ్యాగులు, మెడలో గొలుసులు పోయిన కేసులే ఎక్కువ చూశారట. అనుమానితుడిని ఆయన ఎలా అడిగేవారో ఒకసారి చెప్పారు. దొంగతనం ఊసే ఎత్తరు. ఏ కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నావు, నీ పక్కన ఎవరు, పాలు ఇచ్చారా, ఉప్మా ఇచ్చారా, సత్రం గది ఎన్నింటికి ఖాళీ చేశావు, ఇవే ప్రశ్నలు. కాసేపాగి మళ్లీ అవే, కొంచెం వరుస మార్చి. నిజంగా క్యూలో కూర్చున్నవాడికి అన్నీ గుర్తుంటాయి. అబద్ధం చెప్పేవాడు రెండోసారి ఉప్మా బదులు పొంగలి అంటాడు. ఆయన చెబుతున్నంతసేపూ నాకు అయ్యరే కళ్లముందు కనపడ్డాడు. అదే తీరిక, అదే మాట తీరు.

పేస్‌మేకర్ సంగతికి వద్దాం. సినిమా చూడనివాళ్లు ఈ భాగం వదిలేసి జగతి శ్రీకుమార్ దగ్గరికి వెళ్లండి, కథలో ఒక ముడి ఇక్కడ బయటపడుతుంది. గుండెలో పెట్టిన పేస్‌మేకర్‌ని బయటి నుంచి హ్యాక్ చేసి మనిషిని చంపడం అసాధ్యం, అంతా కట్టుకథ అని ఫార్వర్డ్‌లో గట్టిగా రాశారు. కానీ 2017 ఆగస్టులో, మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, అబ్బాట్ కంపెనీ పేస్‌మేకర్ల విషయంలో అధికారికంగా హెచ్చరిక ఇచ్చింది. ఆ దేశంలోనే సుమారు 4,65,000 పరికరాలకు సాఫ్ట్‌వేర్ మార్పు అవసరమైంది. కారణం ఏంటంటే, దగ్గరలో ఉన్న వ్యక్తి వైర్‌లెస్ ద్వారా అందులోకి చొరబడి బ్యాటరీ త్వరగా అయిపోయేలానో, గుండె కొట్టుకునే వేగం మారేలానో చేసే వీలుంది. అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్ చేనీ తన గుండెలోని పరికరానికి వైర్‌లెస్ సౌకర్యాన్ని 2007లోనే ఆపించుకున్నారు. దాన్ని ఆసరాగా తీసుకుని ఎవరైనా చంపుతారేమోనన్నది ఆయన డాక్టర్ భయం. అంటే స్వామి ఈ ఆలోచనను గాలిలోంచి తీయలేదు.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. స్విమ్స్‌లోనో, వేలూరులోనో పేస్‌మేకర్ పెట్టించుకున్న పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. ఇది చదివి టెన్షన్ పడకండి. ఆ హెచ్చరిక ఇచ్చినప్పుడే, దీనివల్ల ఏ రోగికీ హాని జరిగినట్టు సమాచారం లేదని ఎఫ్‌డీఏ చెప్పింది. పరికరాన్ని తీసేయాల్సిన పని కూడా లేదంది, ఆసుపత్రికి వెళ్తే కొద్ది నిమిషాల్లో అయిపోయే అప్‌డేట్ అది. ఏ అనుమానమున్నా మీ కార్డియాలజిస్టునే అడగండి, సినిమానో వాట్సాప్‌నో నమ్మొద్దు. సినిమా చేసిందల్లా, ఉన్న ఒక చిన్న సందును కథ కోసం పెద్దది చేసి చూపించడం. థ్రిల్లర్‌కి ఆ మాత్రం స్వేచ్ఛ ఉంటుంది.

జగతి శ్రీకుమార్ విషయంలో రాసింది చదివితే మాత్రం నాకు కోపం వచ్చింది. 2012 మార్చిలో ఘోరమైన రోడ్డు ప్రమాదం జరిగి, మాట, నడక రెండూ పోగొట్టుకున్న నటుడు ఆయన. మొదటి భాగం నుంచి అయ్యర్ పక్కన విక్రమ్‌గా ఉన్నది ఆయనే. ఈ సినిమాలో అయ్యర్ ఆయన్ని చూడటానికి వెళ్తాడు, విక్రమ్ మాట లేకుండానే కేసుకు పనికొచ్చే ఒక ఆధారం అందిస్తాడు. దాన్ని ‘సానుభూతి వ్యాపారం’ అంటారా? సానుభూతే కావాలంటే వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి, దండ వేసి, విషాద సంగీతం పెట్టి ముగించేవాళ్లు. ఇక్కడ ఆయనకు పని ఇచ్చారు. విక్రమ్‌ని ఇప్పటికీ దర్యాప్తు చేసేవాడిగానే చూశారు. ఆ సన్నివేశంలో మమ్ముట్టి తన నిగ్రహాన్ని ఎంత జాగ్రత్తగా వాడారో గమనించండి. అయ్యర్ ఏడవడు. పాత సహచరుడితో కేసు మాట్లాడినట్టే మాట్లాడతాడు. దానికంటే గొప్ప గౌరవం ఒక తోటి నటుడికి ఇంకేం ఇస్తాం?

“సినిమా ఆడలేదు కదా, మరి నటన ఎలా బాగుంటుంది” అనే వాదన కూడా ఉంది. సినిమాలో లోపాలున్నాయి. మొదటి గంటలో పేర్లు, పదవులు, చావులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, ఎవరు ఎవరో గుర్తుపెట్టుకోవడానికే సరిపోతుంది. చివర్లో హంతకుడి కారణాన్ని మాటల్లో చెప్పి హడావుడిగా ముగించారు. 1988లో ఒక బొమ్మ, ఒక మేడ, ఒక దూరం చాలింది. ఇక్కడ ఎన్ని ఉన్నా అంత బలమైన ఒక్క సన్నివేశం లేదు. ఇవి స్క్రీన్‌ప్లే తప్పులు, వాటికి స్వామిని, మధుని అడగాలి. మమ్ముట్టి తనకిచ్చిన పాత్రను పట్టు వదలకుండా నిలబెట్టారు. ఇంకా చెప్పాలంటే, చివరిదాకా కూర్చుని చూశామంటే ఆయన వల్లే.

“ఇక ఇంట్లో కూర్చోవాలి” అన్న చివరి మాటకు ఆయన ఆ తర్వాత చేసిన సినిమాలే జవాబు. ‘నన్‌పకల్ నేరత్తు మయక్కం’లో బస్సులో కునుకు తీసి లేచిన మలయాళీ, ఒక తమిళ పల్లెలోకి నడిచి వెళ్లి ఇంకో మనిషై బతకడం మొదలుపెడతాడు. తమిళం, మలయాళం రెండూ చెవిన పడే మన సరిహద్దు ఊళ్లవాళ్లకు ఆ ఇద్దరు మనుషుల మధ్య తేడాను ఆయన ఒక్క యాసతో, ఒక్క నడకతో ఎలా చూపించారో ఇట్టే పట్టుబడుతుంది. దానికి కేరళ రాష్ట్ర ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ‘కాథల్’లో పెళ్లయి, కూతురున్న స్వలింగ సంపర్కుడి పాత్ర వేశారు. ఏ పెద్ద హీరో ఆ వయసులో అలాంటి రిస్క్ తీసుకుంటాడు? 2024లో ‘భ్రమయుగం’ వచ్చింది, పూర్తిగా బ్లాక్ అండ్ వైట్‌లో, ఆ నవ్వు చూసి భయపడనివాళ్లు తక్కువ.

ఆరో సీబీఐ సినిమా తీస్తే నేను మొదటి రోజే చూస్తాను. ఈసారి అయ్యర్ జుట్టుకు రంగు వేయకండి. ఆయన్ని రిటైరైన మనిషిగానే చూపించండి. మూసేసిన పాత ఫైలు ఒకటి చేతికివ్వండి. చేతులు వెనక్కి పెట్టుకుని నడవనివ్వండి.