కారు ఏసీలోంచి తలంబ్రాలు

సార్వా కోతలు అయ్యాయంటే మా రాజోలు వైపు చేలల్లో ఎలుకలకి మేత అయిపోయినట్టే, ఇక ఊళ్లోకి వలస. ఈసారి మా మావయ్య కారులో దిగాయి. కొబ్బరి డొక్కల గుట్ట పక్కన పెట్టే కారు, పైగా పెళ్లికో చావుకో తప్ప బయటికి తియ్యని కారు, అంతకన్నా మంచి ఇల్లు వాటికి మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

సంగతి బయటపడింది పాలకొల్లు పెళ్లికి వెళ్తుంటే. చించినాడ వంతెన ఎక్కుతుండగా పట్టుచీరలో ఉక్కపోస్తోందని అత్తయ్య ఏసీ వెయ్యమంది. మావయ్య వేశాడు. ముందు ఒక ముక్కిపోయిన వాసన, ఆ వెంటనే బుస్సుమని ఊకా, కొబ్బరి పీచూ, దూది ముక్కలూ తలంబ్రాల్లా అత్తయ్య నెత్తిన. ఆ తర్వాత వంతెన దిగేదాకా మావయ్య నోరెత్తితే ఒట్టు.

మర్నాడు మెకానిక్కుని పిలిపిస్తే వీధి వీధంతా వచ్చి బానెట్‌లో తల పెట్టింది. వినాయకుడి వాహనానికి వాహనం అనే జోకుని ప్రతి ఒక్కరూ తామే కనిపెట్టినట్టు చెప్పారు, ప్రతిసారీ నవ్వాల్సొచ్చింది. బానెట్ కింద ఉండే మెత్త సగం లేదు, అద్దం మీద నీళ్లు చిమ్మే పైపు తెగింది, రెండు వైర్లకి తొడుగు పోయి రాగి కనిపిస్తోంది. "అవి ఆకలేసి కొరకవండి, పళ్లు జీవితాంతం పెరుగుతానే ఉంటాయండి, అరగదీసుకోవాలి కదండీ" అన్నాడు మెకానిక్, ఎలుకల తరఫు వకీలులా కాదు, నిజమే చెప్పాడు పాపం. తర్వాత మూతికి గుడ్డ కట్టుకుని, చేతులకి గ్లౌజులు తొడుక్కుని (ఎలుక మూత్రంతో జబ్బులొస్తాయి, అది మాత్రం నవ్వులాట కాదు) ముందు సీటు ఎదురుగా ఉండే అర విప్పాడు. దాని వెనక ఏసీ ఫిల్టర్. మడతల నిండా ఒలిచిన ధాన్యం, నల్లటి పెంటికలు, మధ్యలో పీచుతో కట్టిన గూడు, ఆ గూట్లో పసుపు అంటిన శుభలేఖ ముక్క. ఆ పాలకొల్లు పెళ్లిదే! కళ్యాణమండపం అడ్రసు మిగిల్చి ముహూర్తం ఉన్న భాగం తినేసింది.

ఇన్సూరెన్సు వాళ్లకి ఫోన్ చేస్తే "ఎదుటి పార్టీ వివరాలు చెప్పండి" అంది ఆ అమ్మాయి. మావయ్య చాలాసేపు ఆలోచించాడు.

ఇక సలహాలు. తాతయ్య పొగాకు కాడలన్నారు, పిన్ని కలరా ఉండలంది, ఎవరో మందు పెట్టమన్నారు. మందు వద్దే వద్దన్నాడు మెకానిక్, తిన్నది చెయ్యి దూరని ఏ మూలో చస్తే ఆ కంపుకి కారు అమ్ముకోవాలట. ఎలుకల బుట్టలు పెట్టే ఆయన్ని అడిగితే కారు చుట్టూ తిరిగి చూసి, "కలుగైతే చెప్పండి బాబూ, ఇందులో ఎక్కడ పెట్టమంటారు?" అని వెళ్లిపోయాడు.

చివరికి డొక్కల గుట్ట దూరంగా వేయించి, రాత్రిళ్లు బానెట్ తెరిచి లైటు పెడుతున్నారు. దారినపోయే ప్రతివాడూ బండి పాడైందాండీ అని అడగడం, మావయ్య మొదట్నుంచీ చెప్పడం. ఎలుకలైతే రావడం లేదు. నిన్న మాత్రం బ్యాటరీ పక్కన నాటుకోడి గుడ్డు పెట్టింది, ఆ గుడ్డు మాదేనని పక్కింటావిడ, కారు మాదని అత్తయ్య.