ఫాక్స్‌టన్ లాకు తలుపు గారికి

అయ్యా,

నమస్కారాలు. మొన్న శనివారం తమర్ని తెరిచే ఆ నలుపు తెలుపు దూలానికి వీపు ఆనించి, మొహం కందిపోయేదాకా నెట్టిన నీలం స్వెట్టర్ మనిషిని నేనే. మర్చిపోయి ఉండరు. గట్టు మీదున్నవాళ్ళెవరూ మర్చిపోలేదు.

ఇంగ్లండ్‌లో కాలువ పడవలు గుట్టెక్కే తమరి చోటుని పది నిమిషాలు చూసేసి, లెస్టర్‌లో భోంచేద్దామని దిగాం. లండన్ నుంచి రెండు గంటల్లో వచ్చిపడ్డ మాకు, ఏడడుగుల వెడల్పు పడవ 75 అడుగుల గుట్ట ఎక్కడం ఏపాటి అనిపించింది. తీరా చూస్తే నీళ్ళు నింపి పడవని మెట్టు మెట్టుగా లేపే తొట్లు, అదే లాకులు, పది; అయిదయిదు చొప్పున రెండు వరసలు, ఒకదాని తలుపు తీస్తే నేరుగా ఇంకోదాంట్లోకే. పైనుంచి దిగే పడవలకి దారివ్వాలని మా పడవ కిందే ఆగింది. మా పడవ అంటున్నాను చూడండి! ఎవరిదో. దానిమీద పూలకుండీలు, ఒక కుక్క. ఆ కుక్కకి నాకంటే ఓపికుంది.

పార్కింగ్ టికెట్ సంగతి వదిలేస్తాను. నీళ్ళు వదిలే షట్టర్లలో ఎర్రది ముందు, తెల్లది తర్వాత ఎత్తాలని వచ్చిన ప్రతివాడికీ ప్రాస కట్టి చెప్పే పెద్దాయన్నీ వదిలేస్తాను.

నా ఏడుపంతా ఆ ఆఖరి అంగుళం గురించి. షట్టర్లు ఎత్తగానే నీళ్ళు ఉరుక్కుంటూ వచ్చాయి, పడవ చూస్తుండగానే లేచింది. అయిపోయిందనుకున్నాను. రెండు వైపులా మట్టం దగ్గరపడేకొద్దీ ఆ నీళ్ళకి ఏ రోగమొచ్చిందో, పారడమే మానేసినట్టు నసుగుతాయి. నా కంటికి సమంగానే ఉంది. నెట్టాను. తమరు కదల్లేదు. కాలు తన్నిపెట్టి నెట్టాను. ఊహూ. ఒక్క అంగుళమండీ! మా ఊళ్ళో బట్టలకొట్టువాడు కూడా మీటరుకి అంత వదిలేస్తాడు. 1814లో మొదలెట్టావు కదా, ఇన్నేళ్ళలో ఒక్కడికైనా ఆ అంగుళం తగ్గించావా? నువ్వు అప్పటి తలుపువి కాదని, పాతికేళ్ళకోసారి కొత్త చెక్కతో మారుస్తారని నాకూ తెలుసు. వంశమంతా ఇంతేనా మీరు?

మా నాన్న చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. ఆయన ధవళేశ్వరం వైపు మనిషి. కాటన్ దొర కాలువల మీద లాకుల దగ్గర లస్కరు హ్యాండిల్ తిప్పుతుంటే, ధాన్యం పడవలు ఒక్కోటీ దాటడం బడి ఎగ్గొట్టి మరీ చూశారట. నా అవస్థ చూసి ఒకటే మాటన్నారు.

"నెట్టకురా. నీళ్ళు కలవాలి."

ఆగాను. కలిశాయి. దూలం పెళ్ళికూతురిలా మెల్లగా కదిలింది. చప్పట్లు కొట్టారు. నాక్కాదు, కుక్కకి.

అప్పుడైనా వెళ్ళిపోవాల్సింది. ఇంకో పడవ వచ్చింది. తర్వాత ఇంకోటి. గట్టున నిలబడి పడవల్ని నోరు తెరుచుకు చూసే పనిలేనివాళ్ళని అక్కడివాళ్ళు గాంగూజ్లర్లంటారట. లెస్టర్ భోజనం ఎగిరిపోయింది, సాయంత్రం అయిదింటికి కార్లో కూర్చుని చల్లారిన పులిహోర తిన్నాం. ఆఖరి ముద్ద మింగుతూ నాన్న, వచ్చే శనివారం నీకు పనేమన్నా ఉందా అనడిగారు.

లేదన్నాను. కాస్త తొందరగా నిండి చావు.

ఇట్లు,
ఒక గాంగూజ్లరు