బస్సుకిచ్చిన దారి బస్సుదే

విశాఖ బీఆర్‌టీఎస్ (బస్సులు వేగంగా పోయేందుకు ప్రత్యేక దారి ఉండే వ్యవస్థ) రోడ్డులో బస్సులకని వేసిన మధ్య లేన్లను తీసేసి రోడ్డంతా ఒకటి చేసేద్దామన్న మాట నగరంలో మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి వైపు ట్రాఫిక్ ఆగిపోయిన ప్రతిసారీ ఇదే మందు చెబుతున్నారు. ఇంకోపక్క ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నాయి, విశాఖ రవాణా మారిపోతుంది అని చెప్పేదీ ఈ నగరంలోనే. కొత్త బస్సు తెస్తామంటూనే ఆ బస్సు నడవాల్సిన దారిని తవ్వేస్తామనడం ఏం పద్ధతి? ఇప్పుడే గట్టిగా వద్దనకపోతే విశాఖలో సిటీ బస్సు కార్ల వెనక హారన్ కొట్టుకుంటూ నిలబడటం తప్ప ఇంకేమీ చేయలేదు, అది ఎన్ని వోల్టుల బ్యాటరీతో నడిచినా సరే.

కథ అందరికీ తెలిసిందే. నగరాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద విశాఖకు రెండు కారిడార్లు మంజూరయ్యాయి. ఒకటి ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం మీదుగా పెందుర్తికి. రెండోది హనుమంతవాక, అడవివరం, సింహాచలం మీదుగా. ఆ పథకంలో మనలాంటి నగరాలకు ఖర్చులో సగం కేంద్రం ఇస్తే, 20 శాతం రాష్ట్రం, 30 శాతం నగరపాలక సంస్థ పెట్టుకోవాలి. అంటే ఆ రోడ్డులో మన ఇంటి పన్ను ఉంది. డబ్బు ఒక్కటే కాదు, రోడ్డు వెడల్పు కోసం ఆ దారి పొడవునా జనం ఇళ్ల ముందు గదులు, అరుగులు, దుకాణాలు వదులుకున్నారు. ఎందుకంటే ‘బస్సుకు ప్రత్యేక దారి వస్తుంది, పెందుర్తి నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి ఆగకుండా వెళ్లొచ్చు’ అని వాళ్లకు చెప్పారు. కార్లకు ఇంకో లేన్ కావాలని అడిగి ఆ స్థలాలు తీసుకోలేదు.

ఇచ్చిన మాట ఎంతవరకు నిలబడిందో ఆ రోడ్డున రోజూ తిరిగేవాళ్లకు తెలుసు. సింహాచలం వైపు దేవస్థానం భూముల పేచీతో పని ఏళ్ల తరబడి సాగింది. పెందుర్తి వైపు రోడ్డు పడింది, మధ్యలో బస్ షెల్టర్లు లేచాయి. బీఆర్‌టీఎస్ మాత్రం రాలేదు. బీఆర్‌టీఎస్ అంటే సిమెంటు దిమ్మెలు కాదు. బస్సు తప్ప వేరే బండి దూరని లేన్ ఉండాలి. టికెట్ బస్సెక్కక ముందే స్టేషన్‌లో తీసుకోవాలి. ప్లాట్‌ఫాం, బస్సు గడప ఒకే ఎత్తులో ఉంటే ముసలివాళ్లు కూడా అడుగు ముందుకేసి ఎక్కేస్తారు. కూడలి దగ్గరకు రాగానే బస్సుకు ముందు పచ్చలైటు పడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక బస్సు పోయిందే అనుకునేలోపు ఇంకొకటి రావాలి. వీటిలో ఒక్కటి కూడా విశాఖలో గట్టిగా ఆరు నెలలు నడిపి చూసిన పాపాన ఎవరూ పోలేదు. చేయని ప్రయోగాన్ని విఫలమైందని ఎలా అంటారు?

మధ్య లేన్లు ఖాళీగా ఉంటే పక్క లేన్లలో బండ్లు ఇరుక్కుంటున్నాయని, రోడ్డు మధ్య దిమ్మెల దగ్గర ప్రమాదాలు జరుగుతున్నాయని అంటున్నారు. ఆ ఇబ్బంది నిజమే. ప్రమాదానికి మందు సరైన లైట్లు, రోడ్డు దాటే చోట్లు, సిగ్నళ్లు. ఖాళీగా ఉన్న లేన్‌కు మందు బస్సులు.

మా భయం ఇక్కడి దిమ్మెల గురించి మాత్రమే కాదు. ఇదొక ఆనవాయితీ అయిపోతుంది. ఒకసారి బస్సుకిచ్చిన దారిని కార్ల ఒత్తిడికి వెనక్కి తీసుకున్నామంటే, రేపు మద్దిలపాలెంలోనో గాజువాకలోనో మధురవాడలోనో బస్సుకు ఒక లేన్ కావాలని అడిగే హక్కు ఈ నగరంలో ఎవరికీ మిగలదు. ‘అప్పుడు కట్టారుగా, పీకేశారుగా’ అనే ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు. రేపు ఫుట్‌పాత్ కోసం స్థలం అడిగినా ఇదే జవాబు. సైకిల్ దారి అడిగినా ఇదే జవాబు. రోడ్డు వెడల్పుకు మళ్లీ జనం దగ్గరకు వెళ్లినప్పుడు వాళ్లు మాత్రం ఏమని నమ్మాలి?

ఈ ఆనవాయితీ ఎంత దూరం పోతుందో చూడాలంటే ఇతర నగరాలు ఉన్నాయి. ఢిల్లీ 2008లో అంబేద్కర్ నగర్, మూల్‌చంద్ మధ్య 5.8 కిలోమీటర్ల కారిడార్ తెరిచింది. కార్ల యజమానుల గోల తట్టుకోలేక 2016లో దాన్ని పీకడం మొదలుపెట్టింది. లేన్ పోయింది, ఆ రోడ్డులో జామ్ పోలేదు. తర్వాత భోపాల్ 2024లో అదే పని చేసింది. ఇండోర్ 2025లో మొదలుపెట్టింది. ఒకరిని చూసి ఒకరు. మన విజయవాడలో ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అన్న పేరు నిలిచింది, ఆ పేరుకు తగ్గ బస్సు నిలవలేదు. ఇప్పుడు ఈ వరసలో విశాఖ కూడా చేరాలా?

అటు ఆఫ్రికాలో సెనెగల్ రాజధాని డాకర్‌ను చూడండి. సంపన్న దేశమేమీ కాదు. నగర కేంద్రం నుంచి శివారు గెడియావే దాకా 18.3 కిలోమీటర్ల పొడవున బస్సుకు ప్రత్యేక దారి వేశారు. 23 స్టేషన్లు, 121 ఎలక్ట్రిక్ బస్సులు. 2024లో జనం ఎక్కడం మొదలుపెట్టారు. వాళ్లు ముందు దారి కట్టి, ఆ దారిలో ఎలక్ట్రిక్ బస్సు దించారు. మనకు దారి పదేళ్ల ముందే ఉంది. బస్సు వచ్చే వేళకు దారి లేకుండా చేసుకోబోతున్నాం.

దీనిలో డబ్బు లెక్క కూడా ఉంది, దాన్ని ఎవరూ జనానికి సరిగా చెప్పడం లేదు. కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవకు ఆమోదం తెలిపింది. దేశవ్యాప్తంగా 10,000 ఎలక్ట్రిక్ బస్సులు. మన రాష్ట్రంలో 11 నగరాలకు 750 కేటాయించారు, అందులో విశాఖ వాటా 100. ఈ బస్సులు ఆర్టీసీ సొంతం కావు. ప్రైవేటు ఆపరేటర్ బస్సు తెచ్చి, డ్రైవర్‌ను పెట్టి నడుపుతాడు, అతనికి కిలోమీటరుకు ఇంత అని చెల్లించాలి. 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 24 రూపాయలు కేంద్రం ఇస్తుంది, మిగతాది మనం చూసుకోవాలి. ఇలాంటి ఒప్పందాల్లో రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు నడిపిస్తామని ప్రభుత్వం వైపు నుంచి హామీ ఉంటుంది. ఎన్ఏడీ దగ్గర అరగంట ఇరుక్కున్న బస్సు ఆ రోజు ఒక ట్రిప్పు తక్కువ తిరుగుతుంది. హామీ సొమ్ము మాత్రం ఆపరేటర్‌కు మనం కట్టాల్సిందే, ప్రయాణికుడికి బస్సు రాదు. ఆగి ఉన్నంతసేపూ ఏసీ బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. అదే బస్సు ఖాళీ లేన్‌లో పరిగెడితే అంతే డబ్బుతో ఎక్కువ ట్రిప్పులు, ఎక్కువ జనం. 100 బస్సులు 130 బస్సుల పని చేస్తాయా, 70 బస్సుల పని చేస్తాయా అన్నది బ్యాటరీ తేల్చదు. దారి తేలుస్తుంది.

ఆ బస్సుల్లో ఎక్కేది ఎవరో కూడా గుర్తు పెట్టుకోవాలి. తెల్లవారకముందే పెందుర్తి నుంచి కూరగాయల గంపలతో బయల్దేరే ఆడవాళ్లు. కేజీహెచ్ ఆస్పత్రికి చీటీ కోసం పరిగెత్తే రోగులు. 400కె నంబరు బస్సెక్కి కూర్మన్నపాలెం పోయే కాంట్రాక్టు కార్మికులు. 6ఏ, 28 నంబర్ల కోసం సింహాచలంలో నిలబడే విద్యార్థులు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకు సిటీ బస్సుల్లో టికెట్ లేదు. మంచి పని. అయితే టికెట్ తీసేసినంత మాత్రాన సరిపోదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ గంటన్నర ప్రయాణం చేసే అమ్మాయికి చార్జీ మిగిలింది గానీ సమయం మిగల్లేదు. ఆమెకు బస్సు త్వరగా రావాలి, త్వరగా చేర్చాలి. 60 మందిని మోసే బస్సుకు రెండు మూడు కార్లంత చోటు చాలు. ఆ కార్లలో ఎంతమంది ఉంటారో ఏ కూడలిలో నిలబడినా లెక్కపెట్టొచ్చు. మనుషులను కదిలించాలి, బండ్లను కాదు అని జాతీయ పట్టణ రవాణా విధానం 2006లోనే చెప్పింది. ఆ విధానాన్ని చూపించే కదా కేంద్రం దగ్గర ఈ రోడ్డుకు డబ్బు తెచ్చుకున్నది!

లేన్‌ను కాపాడటం మన పోలీసుల వల్ల కాదు అన్న వాదన ఒకటుంది. ఈ పత్రిక దాన్ని ఒప్పుకోదు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ జరుగుతుంది. 32 కిలోమీటర్ల దారిలో లక్షల మంది నడుస్తారు. అడవివరం, హనుమంతవాక, ఎన్ఏడీ, గోపాలపట్నం, సరిగ్గా ఈ బీఆర్‌టీఎస్ చోట్లే. ఆ రోజు ఇదే పోలీసులు ఇదే రోడ్డులో ట్రాఫిక్ మళ్లించి భక్తులకు దారి ఇస్తున్నారు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బండ్లు ఆపి నడిచేవాళ్లకు ఇస్తున్నారు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రోడ్డు మొత్తం ఖాళీ చేయించారు. చేతకాకపోతే ఇవన్నీ ఎలా చేశారు? పండక్కి, వేడుకకు దొరికే దారి, రోజూ పనికి పోయేవాడి బస్సుకు ఎందుకు దొరకదు?

మెట్రో వస్తుందిగా అనేవాళ్లకూ ఒక మాట. మెట్రో రావాలి, ఈ పత్రిక ఎప్పుడూ అదే కోరుతోంది. తొలి దశ 46.23 కిలోమీటర్లు, స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది, తర్వాత గురుద్వారా, తాటిచెట్లపాలెం వైపు రెండు చిన్న మార్గాలు. అందులో పెందుర్తి లేదు. అడవివరం లేదు. విభజన చట్టం నాటి హామీ ఇంతవరకు పట్టాలెక్కలేదు. అది ఎక్కేలోపు పెందుర్తి, సబ్బవరం, కొత్తవలస జనం ఏం చేయాలి? మెట్రో వచ్చాక కూడా స్టేషన్ దాకా వాళ్లను తీసుకొచ్చేది ఈ బస్సే.

టూరిస్టుల కోసం బీచ్ రోడ్డులో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లను ముఖ్యమంత్రి చేతుల మీదుగా 2025 ఆగస్టులో ప్రారంభించారు. చూడటానికి బాగున్నాయి, పిల్లలు సరదా పడుతున్నారు. అంత శ్రద్ధ గోపాలపట్నం బస్టాప్‌లో నిలబడే మనిషి మీద ఎప్పుడు పెడతారు?

చేయాల్సింది చాలా మామూలు పని. మధ్య లేన్ల జోలికి వెళ్లబోమని నగరపాలక సంస్థ (జీవీఎంసీ) తీర్మానం చేయాలి. వచ్చే ఎలక్ట్రిక్ బస్సుల్లో మొదటి విడతను పెందుర్తి కారిడార్ మీదే దించాలి, ఊరంతా నాలుగేసి చొప్పున పంచేసి ఫొటోలు దిగొద్దు. లేన్‌లో దూరిన బండికి కెమెరా పెట్టి చలానా వేయాలి, అది అధికారి కారైనా, ప్రజాప్రతినిధి కాన్వాయ్ అయినా. ఒక ఏడాది అలా నడిపి, ఎంతమంది ఎక్కారో, ప్రయాణ సమయం ఎంత తగ్గిందో ఆర్టీసీ నెలనెలా బయటపెట్టాలి. అప్పుడు మాట్లాడదాం, లేన్ ఉండాలా వద్దా అని.

ఇవేవీ చేయకుండా ముందే జేసీబీ పంపిస్తామంటే, ఆ రోడ్డు కోసం ఇంటి ముందు గది వదులుకున్న వేపగుంట మనిషి గుమ్మం దగ్గరకు ముందు వెళ్లండి. ఆయన స్థలం బస్సు కోసం తీసుకుని కార్లకు ఎందుకు ఇస్తున్నారో ఆయన ముఖం చూసి చెప్పండి.