ఒక కప్పు, ఒక చెంచా, ఒకే పౌరుడు

మనుషుల మధ్య కలహాలకు మూలం భూమి అనీ, ధనం అనీ చరిత్రకారులు రాస్తూ వచ్చారు. వారెవరూ నలుగురి మధ్య మిఠాయి కోస్తున్న కత్తిని గమనించినట్లు లేదు. కత్తి ఎవరి చేతిలో ఉంటే వారి ఇష్టులకు పెద్ద ముక్క వెళుతుంది. మిగిలినవారికి పంచుకుని తినడంలోని ఆనందం గురించి ఉపన్యాసం దొరుకుతుంది. ఈ అన్యాయానికి శాశ్వత పరిష్కారం చివరకు మైక్రోవేవ్‌లో, పింగాణీ కప్పులో ఒక్కరికే సరిపడే ఆపిల్ మిఠాయి రూపంలో లభించిందని సవినయంగా మనవి చేస్తున్నాను.

విధానం సులభం. ఒక ఆపిల్‌ను సన్నని ముక్కలుగా తరిగి, కప్పులో వేసి, చెంచాడు చక్కెర, చిటికెడు దాల్చినచెక్క పొడి చల్లాలి. రెండు చెంచాల ఓట్స్‌నూ కాస్త పిండినీ వెన్నతో కలిపి, పొడిపొడిగా అయ్యేదాకా వేళ్లతో నలిపి పైన పరచాలి. ముక్క మెత్తబడేవరకు, అంటే రెండు మూడు నిమిషాలు, వేడి చేయాలి. చెక్కు తీసిన సమయం, వెన్న కోసం ఫ్రిజ్‌ను గాలించిన సమయం, గిన్నెలు కడగబోయే సమయం ఈ లెక్కలోకి రావు. కలుపుకుంటే లెక్క పాడవుతుంది.

ఈ మైక్రోవేవ్ యంత్రం పుట్టుకే మన సిద్ధాంతానికి సాక్ష్యం. 1945లో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు, రాడార్లలో వాడే మాగ్నెట్రాన్ అనే, సూక్ష్మతరంగాలను పుట్టించే గొట్టం దగ్గర నిలబడి ఉండగా ఆయన జేబులోని మిఠాయి కరిగిపోయిందని చెబుతారు. ఆ మిఠాయి నలుగురి మధ్య పళ్లెంలో లేదు, జేబులో ఉంది. గమనించగలరు. 1947లో అమ్మకానికి వచ్చిన తొలి యంత్రం మనిషంత ఎత్తు, 340 కిలోల బరువు. దాన్ని దాచడం ఎవరి తరమూ కాదు. 1967లో వంటగట్టు మీద ఇమిడేంత చిన్నది వచ్చాకే ఏకాంత భోక్తకు స్వాతంత్ర్యం సిద్ధించింది. శత్రు విమానాన్ని దూరం నుంచే పసిగట్టడానికి పెరిగిన విద్య, ఇప్పుడు పక్కగదిలోని ఆత్మీయులు పసిగట్టకముందే తినేయడానికి అక్కరకు వస్తోంది.

పైపొర ఎర్రబడదనీ, కరకరలాడదనీ కొందరి ఆక్షేపణ. నిజమే. ఆపిల్‌లో దాదాపు 85 శాతం నీరే. సూక్ష్మతరంగాలు ప్రధానంగా ఆ నీటినే వేడెక్కిస్తాయి. నీరేమో 100 డిగ్రీల దగ్గర ఆవిరై పైపొరను తడిపేస్తుంది. ఎర్రబడాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. ఓట్స్‌ను విడిగా పెనం మీద వేయించి చివర్లో చల్లితే ఈ లోపం తీరుతుంది. కానీ పెనం చప్పుడు చేస్తుంది. కరకర అంతకంటే ఎక్కువ చప్పుడు చేస్తుంది. రహస్య పాలనలో మెత్తదనమే సుగుణం.

అసలు ద్రోహి వేరే ఉంది. పని ముగియగానే ఇల్లంతా వినబడేలా కూత పెట్టే ఆ గంట. యజమాని గుట్టును బజారున పెట్టే సేవకుడిని ఏ రాజనీతి క్షమిస్తుంది? అందుకే అనుభవజ్ఞులు ఒక్క సెకను మిగిలి ఉండగానే తలుపు తీస్తారు. చేతిలో తువ్వాలు, చూపు అంకెల మీద, ఊపిరి బిగబట్టి. బాంబులు నిర్వీర్యం చేసేవారికి తప్ప ఇంతటి ఏకాగ్రత ఇంకెవరికీ అవసరం ఉండదు.

తలుపు తీశాక రెండు నిమిషాలు ఆగాలి. మైక్రోవేవ్‌లో వేడి అంతటా సమంగా పాకదు. పైన గోరువెచ్చగా తగిలే కప్పులోనే అడుగున చక్కెర పాకం కుతకుతలాడుతూ ఉంటుంది. అయితే ఆగడానికి ఓర్పు ఉన్నవారు ఆపిల్‌ను ఇలా వండుకోరు. మొదటి చెంచాకే నాలుక కాలుతుంది, అరవడానికి వీల్లేదు. అంతలో పక్కగదిలోంచి “ఏమిటా వాసన?” అని ప్రశ్న వస్తుంది. నోట్లోని ముక్కను అటూ ఇటూ దొర్లిస్తూ, “ఏమీ లేదు, నీళ్లు వేడి చేసుకుంటున్నాను” అనాలి. దాల్చినచెక్క వాసన ఎక్కడిదని మళ్లీ అడిగితే, పొరుగింటివారి మీదికి తోసేయాలి.